ఐదుసార్లు ఆగిన వ్యాయామం ఆరోసారి నిలవాలంటే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకు 39 ఏళ్లు, విజయవాడలో బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. గత ఏడాది రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల చక్కెర సగటు, 6.1 వచ్చింది. మధుమేహానికి ఇది ముందు మెట్టు అనీ, వ్యాయామం తప్పనిసరి అనీ వైద్యురాలు చెప్పారు. అప్పటినుంచి ఐదుసార్లు మొదలుపెట్టారు, ఐదుసార్లూ మూడు నాలుగు వారాల్లో ఆగిపోయింది. జిమ్‌కు ఏడాది రుసుము కట్టి పద్దెనిమిది రోజులే వెళ్లగలిగారు. "నాలో పట్టుదల లేదేమో. ఉత్సాహాన్ని ఎలా నిలుపుకోవాలి? ఇంత కష్టపడితే నిజంగా ఒరిగేది ఏమిటి?" అని అడిగారు.

పట్టుదల లేని మనిషి ఐదుసార్లు మొదలుపెట్టదమ్మా. ఒకసారి మానేసి ఊరుకుంటుంది. మీరు మొదలుపెట్టడంలో గట్టివారే. ఆగిన తరువాత తిరిగి రావడం ఎలాగో మీకు ఎవరూ నేర్పలేదు, అంతే. వ్యాయామం గురించి చెప్పేవాళ్లందరూ ఆగకుండా ఎలా చేయాలో చెబుతారు. ఇంట్లో పిల్లలు, ఆఫీసులో మార్చి నెల, ఊళ్లో పెళ్లిళ్లు, ఒంట్లో జ్వరాలు ఉన్న మనుషులకు ఆగకుండా చేయడం కుదరదు. ఆగుతుంది. ఆగినప్పుడు ఏం చేయాలన్నదే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నాను.

నేను 31 ఏళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేశాను. ఇప్పుడు విశాఖపట్నంలో ఉంటున్నాను, వయసు 63. ఆ ఉద్యోగంలో ఉన్న మనిషికి వ్యాయామం దానంతట అదే సాగిపోతుందని అందరూ అనుకుంటారు. నాకూ ఆగింది. నాకు 43 ఏళ్లప్పుడు మా అమ్మకు పక్షవాతం వచ్చింది. ఏడాదిన్నర ఆమె మంచం పక్కనే గడిచింది. బడిలో ఈల ఊది పిల్లలను పరుగెత్తించేదాన్ని, నేను మాత్రం మైదానం అంచున నిలబడేదాన్ని. అమ్మ పోయిన తరువాత పరీక్ష చేయిస్తే పరగడుపున చక్కెర 118 ఉంది. వంద లోపు ఉండవలసింది. భయపడి మరుసటి రోజే పాత అలవాటు కొద్దీ నాలుగు కిలోమీటర్లు పరుగెత్తాను. వారం తిరిగేసరికి కుడి మోకాలు వాచింది. మళ్లీ రెండు నెలలు ఇంట్లోనే.

అప్పుడు మా బడిలో పదవీ విరమణకు దగ్గరపడిన ఒక మాస్టారు నన్ను కూర్చోబెట్టి చెప్పిన మాట ఇన్నేళ్లూ నన్ను నడిపించింది. ఆయుర్వేదంలో వాగ్భటుడి అష్టాంగ హృదయం బలవంతులను సైతం తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయమంటుంది, అదీ చలికాలంలోనూ వసంతంలోనూ. మిగతా ఋతువుల్లో అంతకన్నా తేలికగా చేయాలి. ఆయన అది చెప్పి, "మీరు రేపు ఎంత చేయగలరనిపిస్తే అందులో సగం చేసి ఇంటికి వచ్చేయండి. మిగిలిన సగం ఎల్లుండి మిమ్మల్ని లాక్కువెళుతుంది" అన్నారు. నేను అక్షరాలా అలాగే చేశాను. ఇరవై నిమిషాలు నడవగలనని తెలిసీ పది నిమిషాలకు వెనక్కి తిరిగేదాన్ని. ఇంకొంచెం నడిస్తే బాగుండునన్న కోరికతో ఇంటికి చేరేదాన్ని. మీరు అడిగిన ఉత్సాహం నాకు మొదట దొరికింది ఆ తీరని కోరికలోనే.

మీ ఐదు ప్రయత్నాలూ ఎలా మొదలయ్యాయో మీరే రాశారు. మొదటి రోజు గంట. ట్రెడ్‌మిల్ మీద అరగంట, తరువాత బరువులు, ఇంటికి వచ్చేసరికి మెట్లు ఎక్కలేనంత ఒళ్లునొప్పులు. ఆ నొప్పి మూడు రోజులు ఉంటుంది. ఉదయం గంటన్నర పోవడంతో వంట, పిల్లల టిఫిన్ డబ్బాలు, బస్సు అన్నీ తారుమారు. ఇంట్లోవాళ్లు రెండు వారాలు సర్దుకుంటారు, మూడో వారం విసుక్కుంటారు. నాలుగో వారం పిల్లవాడికి జ్వరం వస్తుంది. ఇది మీ ఒక్కరి కథ కాదు. ఇన్నేళ్లలో నా దగ్గరకు సలహాకు వచ్చిన ఆడవాళ్లలో చాలామంది ఇదే దారిలో ఆగారు. ఒంటికి అలవాటు లేని బరువును, ఇంటికి అలవాటు లేని ఖాళీని ఒకే రోజు తెచ్చిపెడితే రెండూ తిరగబడతాయి.

అందుకని ఆరోసారి చాలా చిన్నగా మొదలుపెట్టండి. రాత్రి భోజనం అయ్యాక పది నిమిషాల నడక. అంతే. మీ విషయంలో ఉదయం కన్నా రాత్రి మంచిదని ఎందుకు అంటున్నానో చెప్పాలి, ఎందుకంటే మీకు కావలసింది చక్కెర అదుపు.

మనం అన్నం తిన్నాక రక్తంలోకి గ్లూకోజు చేరుతుంది. అది కండరంలోకి వెళ్లాలంటే మామూలుగా ఇన్సులిన్ తలుపు తీయాలి. మధుమేహం ముంగిట్లో ఉన్నవారిలో ఇన్సులిన్ తలుపు తడుతూ ఉంటుంది కానీ కండరం సరిగా పలకదు. అయితే కండరానికి ఇంకో దారి ఉంది. కండరం ముడుచుకుని సాగుతున్నప్పుడు, అంటే మీరు నడుస్తున్నప్పుడు, ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే గ్లూకోజును లోపలికి తీసుకునే వాహకాలు కణం పైపొరకు వస్తాయి. మీ తొడల్లో, పిక్కల్లో ఉన్నవి ఒంట్లోని పెద్ద కండరాలు. భోజనం చేసిన అరగంటలో వాటిని కదిలిస్తే రక్తంలో పెరుగుతున్న చక్కెరను అవి అక్కడికక్కడే వాడుకుంటాయి. తిన్నాక నూరడుగులు వేయాలని మన పెద్దలు అన్నది ఊరికే కాదు. 

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒకసారి చేసిన వ్యాయామం వల్ల కండరం ఇన్సులిన్‌కు బాగా పలకడం ఒక రోజు, మహా అయితే రెండు రోజులు ఉంటుంది. తరువాత తగ్గిపోతుంది. అందుకే మధుమేహం ఉన్నవారు వ్యాయామాన్ని వరుసగా రెండు రోజులకు మించి ఆపవద్దని వైద్యులు చెబుతారు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే మీ లెక్క మారిపోతుంది. ఒక రోజు తప్పితే ఏమీ కాదు. రెండో రోజు తప్పినా ఫరవాలేదు. మూడో రోజు మాత్రం ఐదు నిమిషాలైనా బయటికి రావాలి. "రోజూ చేయాలి" అనే నియమం ఒక్క రోజుకే విరిగిపోతుంది, విరిగాక మనసు కూడా విరుగుతుంది. "మూడో రోజు తప్పనివ్వను" అనేది వంగుతుంది కానీ విరగదు.

ఇంత చిన్న నడకతో నిజంగా ఏమైనా ఒరుగుతుందా అని మీకు అనుమానం రావచ్చు. చెన్నైలో డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం మీలాగే మధుమేహం ముంగిట్లో ఉన్న 531 మందిని తీసుకుని సుమారు మూడేళ్లు గమనించింది. ఫలితాలు 2006లో వచ్చాయి. మామూలు సలహా మాత్రమే అందినవారిలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. నడక, ఆహార మార్పులు పాటించినవారిలో 39 శాతానికి వచ్చింది. చక్కెర తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్ర వాడినవారిలోనూ దాదాపు అంతే. వాళ్లకు చెప్పిన వ్యాయామం ఏమిటనుకున్నారు? రోజుకు కనీసం అరగంట నడక. ఆ 531 మంది మనలాగే అన్నం తినే, ఆఫీసుల్లో కూర్చునే దక్షిణాది మధ్యతరగతి మనుషులు. అందరికీ మధుమేహం ఆగలేదు, నేను దాచను. కొందరికి వ్యాయామం చేసినా మధుమేహం వస్తుంది, వంశంలో అంత బలంగా ఉంటుంది. అప్పుడూ మందు తక్కువ మోతాదుతో సరిపోవడానికి, గుండె, మూత్రపిండాలు కాపాడుకోవడానికి ఆ నడకే తోడుంటుంది. నా చక్కెర ఈ పంతొమ్మిదేళ్లలో మధుమేహం గీత దాటలేదు. మా అమ్మకు, ఇద్దరు మేనమామలకు యాభై నిండకముందే దాటింది.

వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో, దానికి తోడు రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ అంకె చూసి బెదరకండి, అది మీరు ఆరునెలలకు చేరవలసిన చోటు. అదే పత్రంలో, ఎంతో కొంత చేయడం ఏమీ చేయకపోవడం కన్నా మేలని కూడా రాశారు. ఇక పదివేల అడుగుల సంగతి. మీ ఫోను రోజూ ఆ అంకె చూపించి మిమ్మల్ని కుంగదీస్తోందని రాశారు. ఆ లెక్క వైద్య పరిశోధనలో తేలింది కాదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో ఒక సంస్థ అడుగులు లెక్కపెట్టే పరికరానికి "పదివేల అడుగుల మీటరు" అనే అర్థం వచ్చే పేరు పెట్టి అమ్మింది. ఆ అంకె అలా లోకమంతా పాకింది. మీ నిన్నటి అడుగులకన్నా ఈ రోజు అడుగులు ఐదువందలు ఎక్కువైతే చాలు.

ఒక పాత పరిశోధన నాకు చాలా ఇష్టం, పాఠాల్లో పిల్లలకు ఎప్పుడూ చెప్పేదాన్ని. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్‌లో రెండంతస్తుల బస్సుల మీద పనిచేసేవారి గుండె జబ్బుల లెక్క తీశారు. ఒకే బస్సు, ఒకే దారి, ఒకే తరగతి మనుషులు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు రోజంతా పైకీ కిందకీ మెట్లెక్కి టికెట్లు కొడతాడు. గుండెపోటు కండక్టర్లలో డ్రైవర్లకన్నా బాగా తక్కువగా కనిపించింది. ఆ కండక్టర్లలో ఎవరూ జిమ్‌కు వెళ్లలేదు. మెట్లే వాళ్ల జిమ్. మీ బ్యాంకు రెండో అంతస్తులో ఉందన్నారు కదా, లిఫ్టును పై ఆఫీసుకు దస్త్రాలు మోసేటప్పటికి వదిలేయండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తిరిగి రావడం.

నా దగ్గర పంతొమ్మిదేళ్ల డైరీలు ఉన్నాయి. నడిచిన రోజు ఒక గీత, అంతే రాస్తాను. పదవీ విరమణ తరువాత తీరిక దొరికి ఒకరోజు వాటిని ముందేసుకుని, వారానికి మించి ఖాళీగా ఉన్న చోట్లు లెక్కపెట్టాను. నలభై ఏడు వచ్చాయి. పిల్లల పదో తరగతి, మా ఆయన శస్త్రచికిత్స, ఎన్నికల విధులు, తుపాను, ఊరి పెళ్లిళ్లు. చికున్‌గున్యా వచ్చినప్పుడు కీళ్ల నొప్పులతో నాలుగు నెలలు ఒక్క గీత లేదు. కానీ నలభై ఏడు ఖాళీల తరువాతా మళ్లీ గీతలు ఉన్నాయి. ఆ రోజు ఆ డైరీల ముందు కూర్చుని నేను ఏడ్చాను, సంతోషంతో. చుట్టుపక్కలవాళ్లు నన్ను క్రమశిక్షణ గల మనిషి అంటారు. నలభై ఏడుసార్లు మానేసి నలభై ఎనిమిదోసారి నడుస్తున్న మనిషిని వాళ్లు చూస్తున్నారని వాళ్లకు తెలియదు.

ఇది నా ఒక్కదాని అనుభవం మీద చెబుతున్న మాట కాదు. అమెరికాలో ఒక జిమ్ సంస్థకు చెందిన 61,293 మంది సభ్యుల మీద, వాళ్లను వ్యాయామానికి రప్పించడానికి 54 రకాల ఉపాయాలు పక్కపక్కన పెట్టి పరీక్షించారు. 2021లో ఫలితాలు వెలువడ్డాయి. అన్నింటిలోకీ బాగా పనిచేసింది ఏది? అనుకున్న రోజు రాలేకపోయినవారు తరువాతి సారి తిరిగి వస్తే వారికి ఇచ్చిన కొద్ది రూపాయల విలువైన చిన్న బహుమానం. రాకపోవడానికి శిక్ష వేయకుండా, తిరిగి రావడాన్ని మెచ్చుకోవడం. ఇది చదివినప్పుడు బడిలో నేను చేసిన ఒక పొరపాటు గుర్తొచ్చింది. వారం రోజులు బడికి రాని పిల్లను ఆటల పీరియడులో "ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావు?" అని నిలదీసేదాన్ని. ఆ పిల్ల మరుసటి రోజు మళ్లీ వచ్చేది కాదు. తరువాత తరువాత "వచ్చావా, రా, నీ చోటు అలాగే ఉంది" అనడం నేర్చుకున్నాను. మీతో మీరు మాట్లాడుకునేటప్పుడు కూడా ఆ మాటే వాడండి.

అలవాటు ఎన్నాళ్లకు కుదురుతుంది అని కూడా అడిగారు. ఇరవై ఒక్క రోజులని ఎక్కడో చదివి, ఇరవై ఒకటో రోజు దాటినా కష్టంగానే ఉందని నిరాశ పడ్డారు. లండన్‌లో 96 మంది మీద చేసిన ఒక పరిశీలన 2010లో వచ్చింది. ఒక పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి నడిమి లెక్కన 66 రోజులు పట్టింది. కానీ ఆ లెక్క మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మంచినీళ్లు తాగడం లాంటి పని తొందరగా, వ్యాయామం ఆలస్యంగా కుదిరాయి. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటుకు చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. మీరు ఐదుసార్లూ ఆగింది సగం దారి కూడా రాకముందే.

ఖాళీ తరువాత తిరిగి వచ్చే రోజు ఎలా ఉండాలో చెబుతాను. ఆగిన చోటి నుంచి మొదలుపెట్టకండి. ఆగేముందు అరగంట నడిచేవారైతే మొదటి రోజు పదిహేను నిమిషాలు, మెల్లగా. వారం ఖాళీ అయితే మూడు రోజుల్లో పాత స్థాయికి వస్తారు. నెల ఖాళీ అయితే రెండు వారాలు పడుతుంది. రెండు మూడు వారాలు మానేస్తే ఆయాసం ముందుగా పెరుగుతుంది, అన్నిటికన్నా తొందరగా పోయేది దమ్మే. కండరాల బలం అంత తొందరగా పోదు, పోయినా ఒకసారి సంపాదించుకున్నది రెండోసారి చాలా తొందరగా వస్తుంది. కాబట్టి తిరిగి వచ్చిన మొదటి రోజు రొప్పుతూ "అంతా పోయింది" అనుకోవద్దు. జ్వరం తరువాత అయితే జ్వరం పూర్తిగా తగ్గి, అన్నం మామూలుగా తినగలిగి, ఒక రాత్రి బాగా నిద్ర పట్టాకే బయటికి రండి. నెలసరి రోజుల్లో నొప్పి ఎక్కువగా ఉంటే విశ్రాంతి తీసుకోండి, లేకపోతే మెల్లగా నడవండి, చాలామందికి నడుము నొప్పి దానితోనే తగ్గుతుంది.

మన ఏడాదిలో ఖాళీలు ఎక్కడెక్కడ వస్తాయో ముందే తెలుసు. వాటికి ముందే వేరే ఏర్పాటు చేసుకోవచ్చు. మీకు మార్చి నెల బ్యాంకు పని, ఆ నెలంతా భోజనం తరువాత ఐదు నిమిషాలు చాలని ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ ఎండ నాకు తెలుసు, రాత్రి తొమ్మిదికి కూడా కొండ వేడి కక్కుతుంది. ఆ రోజుల్లో ఇంట్లోనే ఫ్యాను కింద పది బస్కీలు, గోడకు చేతులానించి పది దండీలు. వాగ్భటుడు వేసవిలో తేలికగా చేయమన్నది మన ఎండకు అతికినట్టు సరిపోతుంది. ధనుర్మాసం మాత్రం వదులుకోకండి. ముగ్గు వేయడానికి వీధి అంతా చీకటితో లేస్తుంది, నలుగురు కనబడతారు, చలిగా ఉంటుంది. ఏడాదిలో ఉదయపు నడక మొదలుపెట్టడానికి అంత అనువైన నెల ఇంకొకటి లేదు.

ఎప్పుడు, ఎక్కడ చేస్తారో కాగితం మీద రాయడం చిన్న పనిలా కనిపిస్తుంది. 2002లో ఇంగ్లండ్‌లో విద్యార్థుల మీద జరిగిన ఒక పరిశోధనలో, వ్యాయామం వల్ల గుండెకు కలిగే మేలు గురించి చదివించిన జట్టులో సగం మంది కూడా ఆ వారం వ్యాయామం చేయలేదు. అలా చదివించని జట్టుకూ వాళ్లకూ పెద్ద తేడా లేదు. అంటే మంచి మాటలతో ఒరిగింది అంతంతమాత్రమే. అదే సమాచారంతో పాటు "ఫలానా రోజు, ఫలానా వేళకు, ఫలానా చోట చేస్తాను" అని రాయించిన జట్టులో 91 శాతం మంది చేశారు. కాబట్టి ఉత్సాహం కలిగించే వీడియోలు చూడటం మానేసి ఒక వాక్యం రాయండి: "రాత్రి గిన్నెలు సర్దగానే, చెప్పులు వేసుకుని, మా అపార్టుమెంటు చుట్టూ నాలుగు చుట్లు." గిన్నెలు సర్దడం రోజూ ఎలాగూ జరుగుతుంది కాబట్టి నడకను దాని కొంగుకు ముడివేస్తున్నారు.

ఆడవాళ్లకు ఉన్న అడ్డంకులు వేరు. వాటి గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరని నాకు బాధ. 2022 నాటి అంచనాల ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది చాలినంత కదలడం లేదు, అందులో మగవాళ్లు 42 శాతమైతే ఆడవాళ్లు 57 శాతం. ఇంటి పనితో ఒళ్లు అలిసిపోతుంది, అయినా ఆ పని చాలావరకు నిలబడి, వంగి చేసేదే, గుండె వేగం పెంచేది కాదు. పొద్దున్నే వీధిలోకి వెళితే కుక్కలు, చీకటి, చూపులు. ఇంట్లో "ఇంత పొద్దున వంట మానేసి ఎక్కడికి" అనే మాట. మీ అత్తగారు అలా అన్నారని రాశారు. నేనైతే ఆమెనే నాతో తీసుకువెళతాను. మా వీధిలో ఒక కోడలు సరిగ్గా అదే చేసింది. "అత్తయ్యా, ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది, తోడు రండి" అంది. ఆ పెద్దావిడ ఇప్పుడు డెబ్భై ఒకటో ఏట, వాన పడినా గొడుగు పట్టుకుని ఆమే ముందు గుమ్మంలో నిలబడుతుంది. 

తోడు విలువ ఎంత చెప్పినా తక్కువే. మేము నలుగురం మొదలుపెట్టి ఇప్పుడు పదకొండు మందిమి అయ్యాం. ఎవరైనా మూడు రోజులు కనిపించకపోతే ఇంటికి వెళ్లి పలకరిస్తాం, "ఎందుకు రాలేదు" అని మాత్రం అడగం. ఏటా ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ మాకు గురి. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తాం. రాత్రంతా సాగుతుంది. అప్పుఘర్ దగ్గర సముద్రం గాలి తగిలేసరికి పిక్కలు పట్టేసి ఉంటాయి, అయినా చుట్టూ వేలమంది నడుస్తుంటే కాళ్లు ఆగవు. ఫాల్గుణం వచ్చిందంటే మా నడక దానంతట అదే పొడుగవుతుంది, ఆషాఢానికి సిద్ధం కావాలి కదా. మీకు కూడా దేవుడో, కొండో, ఊరి తిరునాళ్లో ఏదో ఒకటి ఉంటుంది. అలిపిరి మెట్లు 3,550. బరువు తగ్గాలన్న గురికన్నా ఇలాంటి గురి మనిషిని ఎక్కువ కాలం పట్టి ఉంచుతుందని నేను నమ్ముతున్నాను.

బరువు గురించి రెండు మాటలు. దయచేసి మొదటి మూడు నెలలు తూకం ఎక్కకండి. నడకతో మాత్రమే బరువు తొందరగా తగ్గదు, తిండి మారితేనే తగ్గుతుంది. ముల్లు కదలలేదని మానేసిన ఆడవాళ్లు నాకు లెక్కలేనంతమంది తెలుసు, వాళ్లలో సగం మందికి ఆపాటికే రక్తపోటు తగ్గుముఖం పట్టింది, వాళ్లు అటు చూడలేదు. మీరు చూడవలసినవి వేరు. రెండో వారానికి నిద్ర తొందరగా పడుతుంది. మూడు నాలుగు వారాలకు బ్యాంకు మెట్లు ఎక్కాక మాట తడబడదు. సాయంత్రం పిల్లల మీద అరిచే అరుపు తగ్గుతుంది. మనసు మీద వ్యాయామం చేసే పని నాకు చక్కెరకన్నా పెద్ద లాభంలా అనిపిస్తుంది. అమ్మ పోయిన ఏడాది నన్ను ఆ దిగులులోంచి బయటికి తెచ్చినవాటిలో ఆ పది నిమిషాల నడక ఒకటి. తీవ్రమైన దిగులుకు వైద్యుల దగ్గరకు వెళ్లాల్సిందే, మామూలు బరువును మాత్రం కాళ్లు కొంత మోస్తాయి. మూడు నెలలయ్యాక హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి. ఆ పరీక్ష రెండు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి అంతకుముందు చేయించినా మీ కష్టం పూర్తిగా కనబడదు.

నడక అలవాటయ్యాక, రెండో నెలలో, కండరాలకు పని మొదలుపెట్టండి. ముప్పై దాటాక కండరం పదేళ్లకు కొన్ని శాతాల చొప్పున తరుగుతూ ఉంటుంది. గ్లూకోజును వాడుకునేది కండరమే కాబట్టి అది తరిగితే చక్కెరకు చోటు తగ్గుతుంది. ఖర్చేమీ లేదు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం పదిసార్లు. గోడ దండీలు పదిసార్లు. మునివేళ్ల మీద లేవడం పదిహేనుసార్లు, పోపు వేగేలోపు పొయ్యి దగ్గరే అయిపోతుంది. వారానికి రెండు రోజులు. మోకాళ్లు నొప్పిపెడితే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి.

ఎంత వేగంగా నడవాలో తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు. పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, తల తిరగడం కనిపిస్తే అక్కడే ఆగి వెంటనే వైద్యసహాయం తీసుకోండి. మీ నాన్నగారికి 52కే గుండెపోటు వచ్చిందని రాశారు కాబట్టి వేగం పెంచేముందు ఒకసారి మీ వైద్యురాలికి ఆ సంగతి చెప్పండి. మెల్లగా పది నిమిషాల నడకకు మాత్రం ఆగవలసిన పని లేదు.

ఈ రాత్రి గిన్నెలు సర్దాక బయటికి రండి. నాలుగు చుట్లు చాలు, ఐదోది నడవాలనిపించినా రేపటికి దాచండి. గోడ మీద క్యాలెండరులో ఒక గీత పెట్టండి. రెండు నెలల తరువాత నాకు రాసేటప్పుడు ఎన్ని కిలోలు తగ్గారో రాయకండి. ఎన్నిసార్లు ఆగిందో, ఆగిన ప్రతిసారీ ఎన్నో రోజున తిరిగి వచ్చారో ఆ లెక్క రాయండి. నేను ఎదురుచూస్తుంటాను.